తిరుపతిలో కెర్నల్ ట్రేసింగ్ శిక్షణ: ఎక్కడ దిగాం, ఏం తిన్నాం, ఏం నేర్చుకున్నాం

తిరుపతికి దర్శనానికి వచ్చేవాళ్లకు ఎక్కడ దిగాలో చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. ల్యాప్‌టాప్ తగిలించుకుని పని మీద వచ్చేవాళ్లకు చెప్పేవాళ్లే తక్కువ. లినక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) ఫంక్షన్లను ట్రేస్ చేస్తూ, అంటే అవి నడుస్తుండగానే గమనిస్తూ, వాటిలోని వేరియబుల్స్ విలువలు ఎలా చూడాలన్న దాని మీద బాలాజీ కాలనీ వైపు ఒక శిక్షణ జరిగితే ఆఫీసు నుంచి ముగ్గురం వెళ్లొచ్చాం. అలాంటి పని మీద వెళ్లేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

ముందు బస సంగతి. స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, బస్టాండు దగ్గర శ్రీనివాసం ఉన్నాయి. అవి టీటీడీ భక్తుల కోసం కట్టినవి, ఆఫీసు పని మీద వచ్చి అక్కడ గది పట్టుకోవడం నాకు సబబనిపించలేదు. మొదట బస్టాండు దగ్గర ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, పొద్దున్నే వేడినీళ్లు వచ్చాయి. కానీ తెల్లవార్లూ బస్సుల హారన్లు, వరండాలో పెట్టెలు ఈడ్చే చప్పుడు. వైఫై మెసేజీలకు తప్ప దేనికీ చాలలేదు. మర్నాడే అలిపిరి రోడ్డు వైపు ఒక హోమ్‌స్టేకి మారాం. అద్దె కాస్త ఎక్కువే. అయితే గదిలో రాసుకోవడానికి బల్ల ఉంది, ఇన్వర్టర్ ఉంది. మా చేతుల్లో ల్యాప్‌టాప్‌లు చూసి ఇంటావిడ, "మీకు మేడ మీద గదే బాగుంటాది నాయనా, ఆడ సద్దుండదు" అంది. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం.

వైఫై గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. కెర్నల్‌లో కావాల్సిన చోట నిఘా పెట్టే పెర్ఫ్ ప్రోబ్ అనే టూల్‌తో ఒక ఫంక్షన్‌లోని లోకల్ వేరియబుల్స్‌ని పేర్లతో చూడాలంటే మన కెర్నల్‌కి సరిపోయే డీబగ్ సమాచారం, అంటే ఏ వేరియబుల్ ఎక్కడుందో చెప్పే వివరాలు, ఉండాలి. అది చాలా పెద్ద ప్యాకేజీ. శిక్షణ ఇచ్చినచోట వర్చువల్ మెషీన్లలో దాన్ని ముందే పెట్టలేదు, తలా ఒకరం దించుకోవాల్సి వచ్చింది. ఆ పూట సగం దానికే పోయింది. అంత ఫీజు తీసుకున్నప్పుడు ఈ ఏర్పాటు ముందే చేసి ఉండాల్సింది.

పాఠం మాత్రం బంగారం. 2008లో 2.6.27 వెర్షన్‌తో కెర్నల్‌లోకి వచ్చిన ఎఫ్‌ట్రేస్ అనే ట్రేసింగ్ సదుపాయంతో మొదలుపెట్టారు. ఏ ఫంక్షన్ దేన్ని పిలిచింది, ఎన్ని మైక్రోసెకన్లు పట్టింది అన్నది అది చక్కగా చూపిస్తుంది. ఏ విలువతో పిలిచిందన్న ప్రశ్న దగ్గరే అసలు పని మొదలవుతుంది.

ఫైల్ తెరిచినప్పుడు నడిచే డూ_సిస్_ఓపెన్‌యాట్2 ఫంక్షన్‌నే తీసుకున్నారు. 64 బిట్ ఇంటెల్ మెషీన్‌లో మొదటి ఆర్గ్యుమెంట్ (ఫంక్షన్‌కి అందించే విలువ) డీఐ అనే రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోటు), రెండోది ఎస్‌ఐలో వస్తాయి. ఫైల్ పేరు రెండోది. కేప్రోబ్ (కెర్నల్ ఫంక్షన్ మీద పెట్టే నిఘా) పెట్టి ఎస్‌ఐని ఉన్నదున్నట్టు అడిగితే ఒక అడ్రస్ చేతికొస్తుంది. దాన్ని యూజర్ మెమరీలోని, అంటే ఆ ప్రోగ్రామ్ సొంత మెమరీలోని, స్ట్రింగ్‌గా చదవమంటే పేరు వస్తుంది. కొన్ని వరుసల్లో మాత్రం పేరు ఉండాల్సిన చోట 'ఫాల్ట్' అని పడింది. పక్క సీటు తమ్ముడు "సార్, నా కమాండ్ తప్పా?" అని కంగారుపడ్డాడు. కమాండ్ సరైనదే. అప్పుడే మొదలైన ప్రోగ్రామ్‌లో ఆ పేరున్న పేజీ ఇంకా ర్యామ్‌లోకి వచ్చి ఉండకపోవచ్చు, అది వచ్చేదాకా ప్రోబ్ ఆగి ఎదురుచూడలేదు. దారి ఏమిటంటే, ఇంకాస్త లోపలికెళ్లి డూ_ఫిల్ప్_ఓపెన్ దగ్గర పట్టుకోవడం. అప్పటికే కెర్నల్ ఆ పేరును తన మెమరీలోకి కాపీ చేసుకుని ఉంటుంది. అక్కడ రెండో ఆర్గ్యుమెంట్ ఫైల్‌నేమ్ స్ట్రక్చర్‌కి పాయింటర్ (దాని అడ్రస్), ఆ స్ట్రక్చర్ మొదటి ఫీల్డే పేరు. ఒక అడ్రస్ నుంచి ఇంకో అడ్రస్‌కి, ఇలా రెండు అడుగులు వేస్తే పేరు తేటగా కనిపిస్తుంది. ఈ ఒక్క ముక్క కోసమైనా వెళ్లొచ్చని నా ఉద్దేశం.

బీపీఎఫ్‌ట్రేస్ అనే ఇంకో ట్రేసింగ్ టూల్ చూపించాక మరీ హాయిగా అనిపించింది. కొత్త కెర్నల్స్‌లో బీటీఎఫ్ అనే టైపుల సమాచారం కెర్నల్‌తోపాటే ఉంటుంది, విడిగా ఏదీ దించుకోనక్కర్లేదు. ఫంక్షన్ మొదట్లోనే పట్టుకునే ఎఫ్‌ఎంట్రీ ప్రోబ్‌తో ఆర్గ్యుమెంట్‌ని పేరుపెట్టి అడగొచ్చు, రిజిస్టర్ల లెక్క గుర్తుపెట్టుకునే టెన్షన్ లేదు. లోకల్ వేరియబుల్స్ మాత్రం దీనికి అందవు. వాటికి పెద్ద డీబగ్ ప్యాకేజీయే దిక్కు. అది ఉన్నా, కంపైలర్ ఆప్టిమైజ్ చేసి తీసేసిన వేరియబుల్ ఎంత వెతికినా కనపడదు.

మధ్యాహ్నాలు యూనివర్సిటీ గేటు దగ్గర్లో ఒక చిన్న మెస్‌లో రాగి సంగటి, ఊరిబిండి తిన్నాం. కడుపు నిండుతుంది, క్లాసులో కునుకు రాదు. బస్టాండు చుట్టుపక్కల హోటళ్లలో రద్దీ ఎక్కువ, కూర్చుని తినే తీరిక ఉండదు.

ఖాళీ దొరికిన పూట చంద్రగిరి వెళ్లాం. కోటలోని రాజమహల్‌ని కలప వాడకుండా ఇటుక, రాయి, సున్నంతో కట్టారు. లోపలి మ్యూజియానికి శుక్రవారం సెలవు, అది చూసుకుని బయల్దేరండి. అలిపిరి మెట్లు 3550, క్లాసు అయ్యాక సాయంత్రం పూట ఎక్కే ఆలోచన పెట్టుకోకండి, దానికి ఒక రోజు విడిగా ఉంచుకోండి.

తిరుగు టికెట్ తీసుకునేటప్పుడు రైలు తిరుపతి నుంచా, రేణిగుంట నుంచా అన్నది చూసుకోవాలి. దూరప్రాంతాల రైళ్లు చాలావరకు రేణిగుంట మీదుగానే పోతాయి. బస్టాండు నుంచి బస్సులు దొరుకుతూనే ఉంటాయి కాబట్టి ఆటోకి అడిగినంత ఇవ్వక్కర్లేదు.