పట్టాల పండుగకు ఎవరిని పిలవాలి: లాయర్ స్టీవెన్‌సన్‌నా, డాక్టర్ ఫార్మర్‌లాంటి వారినా?

మే నెల వచ్చిందంటే అమెరికా యూనివర్సిటీల్లో పట్టాల పండుగ, అంటే స్నాతకోత్సవం. ఇక్కడి నుంచి విజిటర్ వీసా మీద వెళ్లిన అమ్మానాన్నలు కూడా ఆ స్టేడియాల్లో కనిపిస్తారు. వేదిక మీదికి సినిమా తారలొస్తారు, కంపెనీల అధిపతులొస్తారు. నా మటుకు నాకు, న్యాయం కోసమో సేవ కోసమో బతుకంతా పెట్టినవాళ్లు మాట్లాడితేనే ఆ పూటకు విలువ. అయితే ఆ ఇద్దరిలో ఎవరు మేలు?

లాయర్ల వైపు నుంచి బ్రయాన్ స్టీవెన్‌సన్‌ను తీసుకుందాం. హార్వర్డ్‌లో లా చదివి, అలబామాలోని మాంట్‌గోమరీలో 1989లో ఈక్వల్ జస్టిస్ ఇనిషియేటివ్ అనే సంస్థ పెట్టి, మరణశిక్ష పడ్డ పేదల తరఫున వాదిస్తున్నాడు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు పెరోల్ లేని యావజ్జీవం తప్పనిసరిగా వేయకూడదని 2012లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది ఆయన వాదించిన కేసులోనే. 2016లో వెస్లియన్ యూనివర్సిటీ ఆయన్ని పిలిచింది.

ఆయన తరచూ చెప్పే సంగతి ఒకటుంది. లా విద్యార్థిగా ఉన్నప్పుడు, మరణశిక్ష పడ్డ ఒక ఖైదీని కలవడానికి వెళ్లాడు. చెప్పాల్సిందల్లా ఒక్క ముక్క: ఇంకో ఏడాది దాకా నీకు మరణశిక్ష అమలు చేయరు. ఆ మాటకే ఆ మనిషి పొంగిపోయాడు, ఇక భార్యాపిల్లల్ని చూడటానికి రమ్మనొచ్చని. గంట అనుకున్నది మూడు గంటలైంది. కోపమొచ్చిన గార్డులు సంకెళ్లు బిగించి నెట్టుకుపోతుంటే, ఆ ఖైదీ గొంతెత్తి భక్తి పాట పాడాడు. ఇరవై రెండేళ్ల పిల్లలు ఇది విన్నాక, జైలు గోడ అవతల ఉన్నది నేరం కాదు, మనిషి అని వాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు. బాధితుల దగ్గరికి వెళ్లండి, దూరం నుంచి తీర్పులు చెప్పకండి అన్నదే ఆయన బోధ.

డాక్టర్ పాల్ ఫార్మర్ దారి వేరు. 1987లో మిత్రులతో కలిసి పార్ట్‌నర్స్ ఇన్ హెల్త్ అనే వైద్య సేవా సంస్థ మొదలుపెట్టి, హైతీ కొండల్లోని కాంజ్‌లో వైద్యం చేశాడు. 2022లో రువాండాలో పనిచేస్తూనే కన్నుమూశాడు. క్షయ రోగులకు మందు ఉచితంగా ఇస్తే చాలదని హైతీలో తేల్చి చూపించాడు. మందుతో పాటు తిండికీ దారి ఖర్చులకూ డబ్బిచ్చి, ఊరి ఆరోగ్య కార్యకర్త రోజూ ఇంటికి వెళ్లి పలకరించిన రోగులందరికీ నయమైంది. ఒట్టి మందు మాత్రమే అందినవాళ్లలో సగం మందికి కూడా కాలేదు. 2011లో హార్వర్డ్ కెన్నెడీ స్కూల్ పట్టాల రోజున ఆయన మాట్లాడింది ఈ తోడుండటం గురించే. రేపు పాలనా విధానాలు రాయబోయేవాళ్ల ముందు, పని అయిందో లేదో చెప్పాల్సింది మనం కాదు, మనం ఎవరి వెంట నడిచామో వాళ్లు అన్నాడు.

వక్తగా చూస్తే స్టీవెన్‌సన్‌దే పైచేయి, అందులో సందేహం లేదు. ఫార్మర్ ప్రసంగం కాస్త బరువు, ఎండలో గౌనేసుకుని కూర్చున్నవాళ్లకు మరీను. అయినా నా ఓటు ఫార్మర్‌కే. బాధితుల దగ్గరికి వెళ్లడం ఒక పూట ఉద్వేగంతోనూ జరుగుతుంది. వెళ్లాక అక్కడే నిలబడటం కష్టం. పట్టా పుచ్చుకున్న మర్నాటి నుంచి ఉద్యోగాలు మనకు నేర్పేది గడువులు, బడ్జెట్లు, ‘ప్రాజెక్టు పూర్తయింది’ అనే సంతకాలు. దానికి ముందే ఫార్మర్ చెప్పిన ఆ మాట చెవిన పడాలి. కాకపోతే డిగ్రీ పిల్లలకైతే స్టీవెన్‌సన్‌లాంటివాళ్లను, మెడికల్, మేనేజ్‌మెంట్, ప్రభుత్వ పాలన చదివినవాళ్లకు ఫార్మర్‌లాంటివాళ్లను పిలవమంటాను.

మన దగ్గర మాత్రం స్నాతకోత్సవ అతిథిని ఎక్కువగా హోదా చూసి పిలుస్తారు. ఈ రెండు దారుల్లో నడిచినవాళ్లు మనకూ ఉన్నారు. కోలార్ బంగారు గనుల్లో పాకీ పని చేసే కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఆ పని మీదే పోరాడాడు. ఆయన సంస్థ వేసిన కేసులోనే, మురుగు కాలువల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షల చొప్పున ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాద్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూనే శాంతా సిన్హా రంగారెడ్డి జిల్లా పల్లెల్లో కూలికెళ్లే పిల్లల్ని బడి బాట పట్టించారు. ఇద్దరికీ మెగసెసె అవార్డు వచ్చింది. ఇలాంటివాళ్లకు అరగంట ఇచ్చి, మిగతా ప్రసంగాలన్నీ కుదించమని వైస్ చాన్స్‌లర్లను అడుగుతున్నాను.