రూబ్రిక్ గడుల చివర ఉండే చిన్న పెట్టె: మూడేళ్లు వాడాక

మూడిల్ అంటే కాలేజీలు అసైన్‌మెంట్లు తీసుకుని దిద్దడానికి వాడే ఆన్‌లైన్ వేదిక. అందులో రూబ్రిక్ అంటే ఏ అంశంలో ఏ స్థాయికి ఎన్ని మార్కులో గడుల్లో రాసుకున్న పట్టిక. దాన్ని ఎలా తయారు చేయాలో ఇక్కడ చెప్పబోవడం లేదు. వాడేవాళ్ళకి అది తెలుసు, వాడనివాళ్ళు అరగంటలో నేర్చుకోగలరు. నేను చెప్పాలనుకున్నది అందులో ఉండే ఒక్క పెట్టె గురించి. పేపరు దిద్దేటప్పుడు ప్రతి అంశానికీ గడులన్నీ అయిపోయాక, వరుస చివర రెండు మూడు వాక్యాలు రాసుకునేంత జాగా ఒకటి ఉంటుంది. విద్యార్థికి వ్యాఖ్య రాయడం కోసం ఇచ్చిన జాగా అది. మేము దాన్ని ఇంకో పనికి కూడా వాడుకున్నాం. దిద్దే లెక్చరర్లకు మా రూబ్రిక్ ఎక్కడ అడ్డం పడుతోందో తెలుసుకోవడానికి. 2022 జూన్ నుంచి ఆరు సెమిస్టర్లు అలా వాడాం. పంతొమ్మిదేళ్లుగా పేపర్లు దిద్దుతున్నాను. నేను మార్కులు వేసే పద్ధతిని ఇంతగా మార్చింది ఇంకేదీ లేదు.

మాది రాయలసీమలో ఒక డిగ్రీ కాలేజీ. తెలుగు విభాగంలో ఆరుగురం ఉన్నాం. మొదటి సంవత్సరం పిల్లలు 240 మంది దాకా ఉంటారు. సెమిస్టర్‌కి ఒక వ్యాసం రాయిస్తాం, ఇంటర్నల్స్‌లో దానికి 25 మార్కులు. రూబ్రిక్‌లో ఐదు అంశాలు: విషయం, అమరిక, సొంత పరిశీలన, భాష, రాత తప్పులు. ఒక్కోదానికి 1 నుంచి 4 దాకా నాలుగు స్థాయిలు.

ఈ పెట్టె ఆలోచన రాకముందు అభిప్రాయాలు తీసుకోలేదని కాదు. సెమిస్టర్ చివర మీటింగ్ పెట్టి "రూబ్రిక్ ఎలా ఉంది?" అని అడిగేదాన్ని. "బాగానే ఉంది మేడమ్" అనేవాళ్ళు. ఒకసారి పది ప్రశ్నలతో గూగుల్ ఫామ్ కూడా పంపాను. ఇద్దరు నింపారు. వాళ్ళకు శ్రద్ధ లేక కాదు. సందేహం అనేది రాత్రి పదింటప్పుడు, ముప్పై ఏడో పేపరు దగ్గర, 2 వేయాలా 3 వేయాలా అని చెయ్యి ఆగినప్పుడు వస్తుంది. ఏదో ఒకటి వేసి ముందుకు పోతాం. నెల తర్వాత మీటింగ్‌లో కూర్చుంటే అది గుర్తుండదు. నేను అడిగిన వేళ సరైనది కాదు, అంతే.

పెట్టె మాత్రం చెయ్యి ఆగిన చోటే ఉంటుంది. అందుకని అందరినీ ఒక్కటే అడిగాను. రెండు గడుల మధ్య ఆగిపోతే, ఎందుకు ఆగారో ఒక్క ముక్క రాయండి, ముందు "రూ:" అని పెట్టండి, తర్వాత వెతుక్కోవడానికి వీలుగా ఉంటుంది. పొగడక్కర్లేదు, సలహా ఇవ్వక్కర్లేదు, ఎక్కడ ఆగారో చెప్తే చాలు.

మొదటి సెమిస్టర్‌లోనే డెబ్బై పైచిలుకు వాక్యాలు వచ్చాయి. అన్నీ ఒక కాగితం మీద రాసుకుని చూస్తే నాకు నిద్ర పట్టలేదు. ఐదేళ్లుగా గర్వంగా చూపించుకుంటున్న రూబ్రిక్ అది.

ఉదాహరణకి ఇద్దరు వేరువేరుగా రాశారు: "రూ: రాత తప్పులకి ఒకసారి తగ్గించాను, అవే తప్పులకి భాషలో మళ్ళీ తగ్గించాలా?" నిజమే, ఒకే తప్పుకి పిల్లవాడు రెండు చోట్ల మార్కులు పోగొట్టుకుంటున్నాడు. ఇంకొకరు ఫోన్‌లో టైపు చేసిన వ్యాసాల గురించి రాశారు. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే "కళ్ళు" అని రావాల్సిన చోట "కల్లు" అని పడుతుంది. చేత్తో రాసి ఫొటో తీసి పంపిన పిల్లవాడు అదే మాట సరిగ్గా రాస్తాడు. ఇది రాత తప్పా, కీబోర్డు తప్పా? మా గడుల్లో దానికి జవాబు లేదు.

అన్నిటికంటే పెద్దది మార్కుల లెక్క. ఒక సార్ ఇలా రాశారు: "రూ: అన్నిట్లో 2 వేశాను. 20కి 10 అంటే సగం. 25కి 12.5 రావాలి కదా, 8.33 చూపిస్తోంది." మేం ఎవరం ఎప్పుడూ ఆ లెక్క సరిచూడలేదు. రూబ్రిక్‌లో కనీస స్థాయి 1 అయినప్పుడు, ఐదు అంశాలకీ 1 వస్తే 5 అవుతుంది కదా. సెట్టింగ్స్‌లో ఒక టిక్ తీసేసి ఉంటే ఆ 5ని సున్నాగా లెక్కకడుతుంది. అంటే 10 వచ్చిన పిల్లకి 15కి 5 కింద లెక్క, మూడో వంతు. టిక్ పెట్టి ఉంటే 20కి 10 కింద లెక్క, సగం. ఆ టిక్ ఏం చేస్తుందో దాని పక్కనే వివరంగా రాసి ఉంది. మేం చదవలేదు. తప్పు పూర్తిగా మాదే. ఎవరైనా 1 నుంచి మొదలయ్యే స్థాయిలు పెట్టుకుంటే, ఈ రోజే ఒక పేపరు చేత్తో లెక్క వేసి చూసుకోండి.

ఇక్కడిదాకా చదివితే ఆ పెట్టెలో వంక పెట్టడానికి ఏమీ లేదనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి, రెండో సెమిస్టర్ మొదట్లో కనిపించిన ప్రతి లెక్చరర్‌కీ చెప్పాను. అప్పుడు ఒకటి జరిగింది.

వ్యాసం "మా ఊరి చెరువు". మార్కులు వేసిన మర్నాడు ఒక అమ్మాయి స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది. తన పేపరు రూబ్రిక్ అది. "భాష" వరుసలో 2 పడింది. చివర పెట్టెలో మా సహోద్యోగి నాకోసం రాసిన మాట ఉంది: "రూ: ఉండాది, వచ్చినారు, యాడ అని రాసింది. తప్పు అంటే తప్పు, కాదంటే కాదు. ఏ గడి వేయాలో తెలియలేదు. అందాజుగా 2 వేశాను."

పిల్ల ఏడవలేదు, గొడవ పడలేదు. "మేడమ్, అందాజుగా వేసినారా?" అని మాత్రం అడిగింది.

విద్యార్థికి వ్యాఖ్యలు చూపించాలా వద్దా అనే ఆప్షన్ రూబ్రిక్‌లోనే ఉంది. మేం చూపించమనే పెట్టుకున్నాం, ఎందుకంటే పిల్లలకి రాసే మాటలు వాళ్ళకి కనబడాలి. మాకోసం రాసుకున్న మాటలు కూడా అదే దారిన పోతాయన్న సంగతి నాకు తట్టలేదు. మొదటి సెమిస్టర్‌లో కూడా పిల్లలకి అవి కనబడే ఉంటాయి. ఎవరూ వచ్చి అడగలేదు, అంతే. ఆ రోజు చాలాసేపు దాని గురించే ఆలోచించాను.

ఆ అమ్మాయి వ్యాసం తీసి మళ్ళీ చదివాను. చెరువులో నీళ్ళున్నప్పుడు వాళ్ళ జేజి (నాయనమ్మ) కట్ట మీద గొర్రెలు కాసిన సంగతి, పూడిక తీయడానికి జేసీబీలు వచ్చిన సంగతి, పూడిక మట్టిని జనం పొలాలకి తోలుకున్న సంగతి. వాళ్ళ జేజి నోటినుంచి విన్నట్టే రాసింది. ఆ మాటల్ని "ఉంది", "వచ్చారు" అని మార్చి చూసుకున్నాను. వ్యాసం పాడైపోయింది.

మా గడిలో అప్పుడు ఏముందంటే, స్థాయి 4కి "శిష్ట వ్యావహారికంలో, దోషాలు లేకుండా రాశారు" అని. శిష్ట వ్యావహారికం అంటే చదువుకున్నవాళ్ళు రాసే వాడుక భాష. అది రాసింది నేనే. ప్రతి ఆగస్టు 29న మా కాలేజీలో గిడుగు రామమూర్తి గారి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతాం. బడిలో, పుస్తకాల్లో జనం మాట్లాడే భాష ఉండాలని ఆయన జీవితమంతా పోరాడారని పిల్లలకి చెప్తాం. అలా చెప్పి, జనం భాషలో రాసిన పిల్లకి రెండు మార్కులు కోశాం. ఆ పెట్టె లేకపోతే, ఆ సార్ నిజాయితీగా తనకి తెలియలేదని రాయకపోతే, ఈ సంగతి నాకు ఎన్నటికీ తెలిసేది కాదు.

తర్వాత వారం ఆరుగురం కూర్చున్నాం. ఆ సార్ ముందుగానే ఆ అమ్మాయిని పిలిచి మాట్లాడారు. మార్కు మార్చారు కూడా. రూబ్రిక్ విషయంలో మాత్రం గంటన్నర వాదన జరిగింది. ఒకరు అడిగారు: "రేపు గ్రూప్స్ రాస్తే వాళ్ళు ఇలాంటి భాషకి మార్కులేస్తారా మేడమ్? మనం ఊరుకుంటే పిల్లలే నష్టపోతారు." అది తీసిపారేసే మాట కాదు. చివరికి రెండు పనులు వేరు చేశాం. సొంత అనుభవం రాసే వ్యాసంలో "భాష" గడి ఇప్పుడు ఇలా ఉంది: "ఎంచుకున్న భాషలో నిలకడ ఉంది, చెప్పదలచుకున్నది చదివేవారికి చేరింది." మాండలికంలో మొదలుపెట్టి చివరిదాకా అలాగే రాస్తే 4 వేయడానికి అడ్డేమీ లేదు. కలెక్టర్‌కి వినతిపత్రం, పత్రికకి లేఖ లాంటి అసైన్‌మెంట్లకి వేరే రూబ్రిక్, అందులో శిష్ట వ్యావహారికం తప్పనిసరి. ఎందుకు తప్పనిసరో పిల్లలకి ముందే చెప్తాం.

పెట్టె సమస్యకి మాత్రం మూడు రకాల మందులు వేసి చూశాం. మొదట "రూ:" వాక్యాలు వేరే గూగుల్ షీట్‌లో రాయమన్నాను. డెబ్బై పైచిలుకు వచ్చేవి తొమ్మిదికి పడిపోయాయి. ఇంకో ట్యాబ్ తెరిచి, ఎవరి పేపరో వెతికి రాయడం రాత్రి పూట ఎవరికి ఓపిక? తర్వాత వ్యాఖ్యలు పిల్లలకి చూపించే ఆప్షన్ తీసేశాం. లెక్చరర్లు మళ్ళీ ధారాళంగా రాశారు. పిల్లలకి మాత్రం ఒక్క మాట కూడా కనబడలేదు, వాళ్ళు అంకెలు చూసి వెళ్ళిపోయారు. ఆ సెమిస్టర్ నాకు అస్సలు తృప్తి ఇవ్వలేదు.

మూడోది ఇప్పటికీ నడుస్తోంది. అసైన్‌మెంట్ సెట్టింగ్స్‌లో మార్కింగ్ వర్క్‌ఫ్లో అని ఒకటి ఉంటుంది. అది పెట్టుకుంటే, "విడుదల" అని మార్చేదాకా మార్కులుగానీ వ్యాఖ్యలుగానీ విద్యార్థికి కనబడవు. లెక్చరర్లు దిద్దడం అయ్యాక పేపర్లు సమీక్ష దశకి వస్తాయి. అప్పుడు నేను ఒక్కొక్కటీ తెరిచి, "రూ:" వాక్యాలు నా షీట్‌లోకి ఎక్కించుకుని, పెట్టెలోంచి తీసేసి, పిల్లల కోసం రాసినవి ఉంచి, విడుదల చేస్తాను. ఇది బాగా పనిచేస్తోంది. కానీ 240 పేపర్లకి నాకు మూడు సాయంత్రాలు పడుతుంది. విభాగాధిపతిగా నాకు రెండు క్లాసులు తక్కువ ఉంటాయి కాబట్టి చేయగలుగుతున్నాను. మొదట్లో ఈ పెట్టె వల్ల ఎవరికీ అదనపు పని లేదని చెప్పేదాన్ని. ఆ మాట ఇప్పుడు చెప్పలేను. దిద్దేవాళ్ళకి లేదు, ఎవరో ఒకరికి ఉంటుంది.

ఇంకొక జాగ్రత్త. వాక్యాలు చూడగానే రూబ్రిక్‌ని మధ్యలో మార్చాలనిపిస్తుంది. వాడుకలో ఉన్న రూబ్రిక్‌లో పెద్ద మార్పు చేస్తే, అప్పటికే దిద్దినవాటిని మళ్ళీ దిద్దాలని గుర్తు పెట్టమంటారా అని మూడిల్ అడుగుతుంది. ఒకసారి అవునన్నాను. అప్పటికి సగం పేపర్లు అయిపోయాయి, అందరూ మొదటినుంచి గడులు చూసుకోవాల్సి వచ్చింది. నలుగురికి నామీద కోపం వచ్చింది, అది న్యాయమే. ఇప్పుడు వచ్చినవన్నీ దాచి, సెమిస్టర్ అయ్యాక కొత్త కాపీలో మారుస్తాం.

వాక్యాల సంఖ్య కూడా ఏటేటా తగ్గుతోంది. పోయిన సెమిస్టర్‌లో ముప్పై లోపే వచ్చాయి. రూబ్రిక్ బాగుపడి తగ్గాయా, అందరికీ అలవాటైపోయి ఆగడం మానేశారా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. కొత్తగా చేరిన ఒక లెక్చరర్ ఒక్కరే పదకొండు రాశారు. వాటిలో ఒకటి ఇంకా మా షీట్‌లో జవాబు లేకుండానే ఉంది: "రూ: సొంత పరిశీలనలో అన్ని వివరాలూ ఉన్నాయి. కానీ నాది పక్క ఊరే, ఆ ఊళ్ళో చెరువు లేదు. ఎంత వేయాలి?" ఏఐతో రాయించాడో, ఇంకో ఊరి చెరువు చూసి రాశాడో మాకు తెలియదు. ఇంత దాకా మా గడులకి ఈ ప్రశ్న అడగాల్సిన అవసరం రాలేదు.

కాబట్టి ఎవరికి చెప్పగలను? ఐదారుగురు కలిసి ఒకే రూబ్రిక్‌తో దిద్దే విభాగం అయితే, విడుదలకి ముందు అన్నీ ఒకసారి చూసే మనిషి ఉంటే, వచ్చే సెమిస్టర్‌లోనే మొదలుపెట్టమంటాను. ఒక్కరే 600 పేపర్లు దిద్దే జూనియర్ కాలేజీలో ఇది కుదురుతుందని అనుకోను. వ్యాసాలు కాకుండా ల్యాబ్ రికార్డుల్లాంటివి దిద్దేవాళ్ళ సంగతి నేను చెప్పలేను, నా అనుభవమంతా తెలుగు వ్యాసాలదే. మా దగ్గర మాత్రం ఈ శనివారం మధ్యాహ్నం ఆరుగురం ఆ చెరువు లేని ఊరి దగ్గర మొదలుపెట్టి కూర్చుంటున్నాం.