హెచ్‌హెచ్‌ఓ కిట్టా, సీఎన్‌జీ కిట్టా?

కారు కరెంటుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొట్టి ఇంజన్‌లోకి పంపేది హెచ్‌హెచ్‌ఓ కిట్; దాంతో మైలేజీ పెరుగుతుందని అమ్ముతారు. పెట్రోలు ఖర్చు తగ్గాలనే ఆశ న్యాయమైనదే. అందుకే ముందు లెక్క చూడండి.

శక్తి
హెచ్‌హెచ్‌ఓ: నీటిని విడగొట్టే ఆరు గదుల సెల్‌కు 15 ఆంపియర్లు, అంటే సుమారు 200 వాట్లు పంపితే నిమిషానికి లీటరులోపే వాయువు వస్తుంది. మండిస్తే వచ్చే వేడి 120 వాట్లు. గంటకు 4 లీటర్లు తాగే ఇంజన్లో పెట్రోలు ఇచ్చేది దాదాపు 35,000 వాట్లు! పైగా ఆ 200 వాట్లు ఇచ్చే ఆల్టర్నేటర్‌ను (కారులో కరెంటు పుట్టించే యంత్రాన్ని) తిప్పేదీ ఆ పెట్రోలే. నీరంటే అప్పటికే మండిపోయిన హైడ్రోజన్.
సీఎన్‌జీ: బయటి నుంచి నింపుకునే అసలైన ఇంధనం. పికప్ కొంచెం తగ్గుతుంది.

ప్రమాదం
హెచ్‌హెచ్‌ఓ: బబ్లర్లో (మంట వెనక్కి రాకుండా వాయువును నీటి గుండా పంపే డబ్బాలో) నీరు అడుగంటితే మంట వెనక్కి పాకి సెల్ పగులుతుంది. సెల్‌లోని పొటాషియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది.
సీఎన్‌జీ: సిలిండర్లో 200 బార్ ఒత్తిడి. మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో సిలిండర్ గట్టిదనం పరీక్ష) తప్పదు.

శ్రమ
హెచ్‌హెచ్‌ఓ: తరచూ నీళ్లు పోయాలి.
సీఎన్‌జీ: డిక్కీలో చోటు పోతుంది, ఆర్‌సీలో ఎక్కించాలి.

రోజూ ఎక్కువ తిరుగుతూ, దగ్గర్లో బంకు ఉంటే సీఎన్‌జీ. తక్కువ తిరిగితే ఏ కిట్టూ వద్దు, టైర్లలో గాలి సరిచూసుకోండి. హెచ్‌హెచ్‌ఓ సెల్ సైన్సు ప్రయోగంగా బల్ల మీదే ఉండాలి. ఎవరైనా మైలేజీ పెరిగిందంటే, ఒకే రోడ్డు మీద కిట్ ఆపి ఒకసారి, వేసి ఒకసారి, ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకు కొలిచి చూపమనండి.