జాగ్రత్త: షిఫ్రిన్ సంతకం చేసిన బిబ్ అంటూ నకిలీ అంటగడుతున్నారు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో స్కీ రేసింగ్ చూసేవాళ్ళందరికీ ఈ హెచ్చరిక. ప్రపంచకప్ రేసుల్లో స్కీయర్లు సూటు మీద వేసుకున్న అసలు నంబరు చొక్కాలు, అంటే బిబ్‌లు ఆటోగ్రాఫ్‌తో, సర్టిఫికెట్‌తో ఇస్తామని సోషల్ మీడియాలో ఒక పేజీ తెలుగులోనే పోస్టులు పెడుతోంది. అమెరికా స్కీయర్ మికేలా షిఫ్రిన్ బిబ్ పేరుతో మా దగ్గర 22,700 రూపాయలు తీసుకుని నకిలీది పంపారు. అందులో బిబ్‌కి 18,500, 'కస్టమ్స్'కి 4,200. నిలదీస్తే ఇంకో నకిలీ ఇవ్వబోయారు, అది కుదరకపోయేసరికి బ్లాక్ చేశారు. పేజీ పేరు మార్చుకుంటూ తిరుగుతున్నారు కాబట్టి పేరుకన్నా వాళ్ళ పద్ధతి తెలియడం ముఖ్యం. అందుకే జరిగింది జరిగినట్టు వివరంగా రాస్తున్నాను.

ఈ వైపు మనం ఉన్నదే కొద్దిమందిమి. మంచు ఎలా ఉంటుందో లంబసింగి చలికాలం పొగమంచు తప్ప ఎరగని ఊళ్ళలో ఉండి, ఆస్ట్రియాలోని ష్లాడ్మింగ్ రాత్రి స్లాలమ్ (మంచు వాలు మీద పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ రెండుసార్లు దిగే రేసు) రెండో రన్ కోసం అర్ధరాత్రి దాటాక కూడా మేలుకుని చూసేవాళ్ళం. ఇంత తక్కువమంది ఉన్నచోట మోసగాడికి ఏం పని అనిపిస్తుంది. తక్కువమంది ఉండడమే వాడికి కలిసొచ్చింది. క్రికెట్ బ్యాటు మీద నకిలీ సంతకం పెడితే పట్టుకునేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. స్కీ బిబ్ గురించి అడగడానికి ఏడు రోడ్ల జంక్షన్‌లో ఎవరున్నారు? ఎవరినీ అడగలేమన్న ధైర్యంతోనే వాళ్ళు మనల్ని ఏరుకుని మరీ మెసేజ్ పెడుతున్నారు.

వాళ్ళు మాకు చూపించింది ఓరె బిబ్. స్వీడన్‌లోని ఓరెలో 2023 మార్చిలో ఏం జరిగిందో మనవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. స్వీడన్‌వాడే అయిన ఇంగెమార్ స్టెన్‌మార్క్ 86 ప్రపంచకప్ గెలుపులు 1989 నుంచి అప్పటిదాకా రికార్డుగా అలాగే నిలిచి ఉన్నాయి. మార్చి 10న జెయింట్ స్లాలమ్ (గేట్ల మధ్య దూరం ఎక్కువుండే రేసు) గెలిచి షిఫ్రిన్ ఆ 86ని అందుకుంది. మర్నాడు, మార్చి 11న, స్లాలమ్ గెలిచి 87తో దాటేసింది. స్టెన్‌మార్క్ సొంత దేశంలోనే ఆ రికార్డు పడిపోవడం చూసిన రోజు మా ఇంట్లో అందరికీ గుర్తుంది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సంక్రాంతికి చేతికొచ్చిన డబ్బులు దాచుకుని ఈ బిబ్ కోసం తన వాటా కూడా ఇచ్చింది. మిగతాది నేను, మా బావ, ఆమదాలవలసలో ఉండే ఇద్దరు స్నేహితులు కలిసి వేసుకున్నాం. అందరం కూర్చుని రేసులు చూసే గదిలో ఫ్రేము కట్టించి పెట్టుకోవాలని మా కోరిక.

డబ్బు కట్టేముందు బిబ్‌ని అన్ని వైపులా తిప్పి చూపిస్తూ వీడియో పంపమన్నాం. పంపారు. ఎర్ర బిబ్. ఆ రంగు సరైనదే, ఎందుకంటే ఒక విభాగంలో పాయింట్ల పట్టికలో ముందున్నవాళ్ళు ఎర్ర బిబ్ వేసుకుని దిగుతారు, ఆ సీజన్లో స్లాలమ్‌లో ముందున్నది షిఫ్రినే. అంతర్జాతీయ స్కీ సమాఖ్య 'ఫిస్' వెబ్‌సైట్‌లో ప్రతి రేసు ఫలితాల పట్టికా ఉచితంగా దొరుకుతుంది, ఎవరు ఏ నంబరుతో దిగారో అందులోనే ఉంటుంది. వీడియోలోని నంబరు దానితో సరిపోయింది. సగం డబ్బు ముందు, సగం పార్సిల్ బయల్దేరాక అన్నారు. అలాగే కట్టాం. ఇక్కడే గమనించండి: వీడియోలో చూపించింది వేరు, పంపింది వేరు. వీడియో సరిగ్గా ఉంది కదా అని మీరు నిశ్చింతగా ఉండకండి.

రెండో సగం అందాక కస్టమ్స్ కథ మొదలైంది. "అన్నా, ఆస్ట్రియా నుంచి వస్తోంది, డ్యూటీ కట్టకపోతే వెనక్కి పోతుంది, అప్పుడు రీఫండ్ ఉండదు" అని మెసేజ్. కట్టమన్నది ఎవరో వ్యక్తి పేరు మీదున్న యూపీఐకి. అప్పటికే 18,500 వాళ్ళ చేతిలో ఉంది. అది పోతుందని బెదిరించి మిగతాది లాగారు. విదేశం నుంచి పోస్టులో వచ్చే పార్సిల్‌కి డ్యూటీ పడితే, ఎంత పడిందో కాగితం మీద ఉంటుంది, డెలివరీ అప్పుడు పోస్టాఫీసు తీసుకుని రసీదు ఇస్తుంది. కొరియర్ కంపెనీ అయితే మీ గుర్తింపు పత్రాలు అడిగి, కంపెనీ పేరు మీదే బిల్లు పంపుతుంది. అమ్మినవాడు సొంత యూపీఐకి కస్టమ్స్ అడిగాడంటే అది కస్టమ్స్ కాదు. ఈ ఒక్క మాట మీ ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా చెప్పండి, బిబ్‌లు కొనని వాళ్ళకూ ఇది పనికొస్తుంది.

పార్సిల్ వచ్చింది. స్పీడ్ పోస్ట్ నంబరు చివరి రెండు అక్షరాలు 'ఐఎన్'. పోస్టు నంబరు చివర ఉండేది ఏ దేశంలో బుక్ అయ్యిందో చెప్పే గుర్తు. ఆస్ట్రియా నుంచి వస్తే 'ఏటీ' ఉండాలి, స్వీడన్ అయితే 'ఎస్ఈ'. విదేశీ పార్సిల్ మీద లోపల ఏముంది, విలువెంత అని రాసిన కస్టమ్స్ డిక్లరేషన్ చీటీ కూడా అంటించి ఉంటుంది. దీని మీద అదేమీ లేదు. ట్రాకింగ్‌లో చూస్తే మన దేశంలోనే బుక్ అయిన పార్సిల్. మరి ఆ 4,200 ఏ కస్టమ్స్‌కి వెళ్ళినట్టు?

మూట విప్పుతూ వీడియో తీశాం. లోపల తెల్ల బిబ్, నంబరు 23. అంతటితోనే తేలిపోయింది. స్లాలమ్‌లో గానీ జెయింట్ స్లాలమ్‌లో గానీ మొదటి ఏడు ర్యాంకుల వాళ్ళ మధ్య 1 నుంచి 7 దాకా నంబర్లు డ్రా తీస్తారు, ఆ తర్వాతి వాళ్ళకు 8 నుంచి 15. రెండో రన్‌లో మొదటి 30 మంది తిరగబడిన వరసలో దిగుతారు గానీ బిబ్ మారదు. ఆ సీజన్లో స్లాలమ్, జెయింట్ స్లాలమ్ రెండింటిలోనూ సీజన్ విజేతకిచ్చే గ్లోబు ట్రోఫీలు గెలిచిన మనిషి వీపు మీద 23 ఎలా వస్తుంది?

గుడ్డ సంగతి ఇంకా ఘోరం. రేసు బిబ్ సాగే గుడ్డతో కుట్టి, సూటు మీద ఒంటికి అతుక్కున్నట్టు ఉంటుంది. గాలికి రెపరెపలాడితే వేగం పోతుంది, సెకనులో వందో వంతుతో గెలుపోటములు తేలే ఆట ఇది. మాకు వచ్చింది జిల్లా స్థాయి ఆటల పోటీల్లో వీపుకి కట్టుకోమని ఇచ్చే నంబరు గుడ్డలా వదులుగా వేలాడుతోంది. మా బావ చేత్తో పట్టుకుని, "ఏటి బావా, ఈ గుడ్డముక్కకా ఇంత పోసినాం?" అని కూలబడిపోయాడు. సంతకాన్ని తెలిసిన కంసాలి దగ్గరకు పట్టుకెళ్ళి నగలు చూసే భూతద్దంలో చూపించాం. పెన్నుతో గీసిన గీతైతే సిరా గుడ్డ పోగుల్లోకి ఇంకి, ఆగినచోట ముదురుగా, లాగినచోట పలచగా కనిపించాలి. ఇక్కడ అంతా ఒకే సైజు చుక్కలు. ప్రింటు కొట్టిన సంతకం.

సర్టిఫికెట్ తప్పు పట్టింది మా అమ్మాయి. దాని మీద ఇలా ఉంది: '87వ గెలుపు, జెయింట్ స్లాలమ్, ఓరె, 10 మార్చి 2023'. 10న గెలిచింది 86వది. 87వది 11న, అదీ స్లాలమ్‌లో. ఒక్క లైన్లో రెండు తప్పులు. పైన వేసిన ఫొటో చూసి అమ్మాయి అంది, "నాన్నా, ఇది స్లాలమ్ కదా, హెల్మెట్‌కి గడ్డం గార్డు ఉంది చూడు." నిజమే. ఫొటోలో కాళ్ళకు గార్డులు, గడ్డం ముందు కమ్మీ, ముంజేత్తో కొట్టుకుంటూ పోయే ఒంటి కర్రల గేట్లు. జెయింట్ స్లాలమ్ గేటుకైతే రెండు కర్రల మధ్య గుడ్డ ప్యానెల్ ఉంటుంది. రాసింది ఒక రేసు, అచ్చేసింది ఇంకో రేసు. ఈ ఆటంటే తెలియనివాడు తయారుచేసిన కాగితం అది. అమ్మాయి ఆ మాట అన్నాక మళ్ళీ ఆ బిబ్ వైపు చూడలేదు. నాకు డబ్బుకన్నా అదే ఎక్కువ బాధ.

ఇవన్నీ రాసి పంపితే వచ్చిన జవాబు: "టైపింగ్ మిస్టేక్ అన్నా, కావాలంటే దీని బదులు ఓడెర్మాట్ స్లాలమ్ విన్నింగ్ బిబ్ పంపిస్తాం, ఎక్స్‌ట్రా ఏం వద్దు." స్విట్జర్లాండ్ స్కీయర్ మార్కో ఓడెర్మాట్ ప్రపంచకప్ గెలుపులన్నీ జెయింట్ స్లాలమ్, ఇంకా ఎక్కువ వేగంతో దిగే సూపర్-జీ, డౌన్‌హిల్‌లోనివే. స్లాలమ్‌లో ఒక్కటీ లేదు. లేని గెలుపుకి బిబ్ ఎక్కడిది అని అడిగాం. నంబర్ బ్లాక్ అయ్యింది.

అదే పేజీలో నాకు బాగా కోపం తెప్పించింది ఇంకొకటుంది. 'ఆరిఫ్ ఖాన్ బీజింగ్ ఒలింపిక్స్ డౌన్‌హిల్ బిబ్' అని పెట్టారు. కశ్మీర్ నుంచి వచ్చి, 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో మన జెండా పట్టుకుని నడిచిన మనిషి ఆరిఫ్. అక్కడ దిగింది స్లాలమ్, జెయింట్ స్లాలమ్ రెండింటిలోనే. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో పూర్తి చేశాడు, స్లాలమ్ పూర్తి కాలేదు. డౌన్‌హిల్‌లో దిగనే లేదు. ఒలింపిక్స్‌లో బరువులెత్తి పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి పుట్టిన జిల్లా మనది. ఏ వసతులూ లేని చోట నుంచి అక్కడిదాకా వెళ్ళడానికి ఎంత కష్టపడాలో మనకు తెలుసు. అలాంటివాడి పేరు పెట్టి దొంగ గుడ్డలు అమ్ముకోవడం నేను సహించలేను.

ఇటలీలోని మిలానో కోర్టినా శీతాకాల ఒలింపిక్స్ పేరుతో కూడా ఇలాంటివే వస్తాయి, వస్తున్నాయి. 'కోర్టినా పురుషుల డౌన్‌హిల్ బిబ్' అని ఎవరైనా చూపిస్తే అక్కడే ఆపేయండి. 2026 ఒలింపిక్స్‌కి ఆల్పైన్ (కొండ వాలు దిగే) రేసుల్లో కోర్టినాకి కేటాయించినవి ఆడవాళ్ళ పోటీలు, మగవాళ్ళవి బోర్మియోలోని స్టెల్వియో స్కీ వాలు మీద. సర్టిఫికెట్లు రాసేవాళ్ళు ఇలాంటి చోటే దొరికిపోతారు. తేదీ, ఊరు, విభాగం, నంబరు ఈ నాలుగూ ఫిస్ పట్టికతో ఒక్కొక్కటీ సరిచూడండి. సర్టిఫికెట్ ఫొటో కూడా డబ్బు కట్టేముందే అడిగి తెప్పించుకోండి. మాకు 'బిబ్‌తో పాటే సీల్ చేసి వస్తుంది' అని చూపించలేదు. చూపించనివాడి దగ్గర కొనకండి.

డబ్బు విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. జీఎస్టీ నంబరు, చిరునామా ఉన్న బిల్లు ఇవ్వనివాడికి, వ్యక్తి పేరు మీదున్న యూపీఐ తప్ప వేరే దారి లేదనేవాడికి, వస్తువు ఎంత బాగున్నా రూపాయి కట్టొద్దు. వాపసు ఇచ్చే పద్ధతి ఉన్న షాపింగ్ సైటులోనైనా, వివాదం పెట్టే వీలున్న కార్డుతోనైనా కొనండి. పార్సిల్ విప్పేటప్పుడు చీటీ కనపడేలా మొదటి నుంచీ ఆపకుండా వీడియో తీయండి. మా దగ్గర ఇవాళ ఉన్న గట్టి సాక్ష్యం అదే.

ఇప్పటికే కట్టినవాళ్ళుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ ఆర్థిక మోసాల హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చెప్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపించడానికి అంత వీలు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, అమ్మినవాడి ఊరు వెతుక్కుంటూ పోనక్కర్లేదు. 'చిన్న మొత్తం కదా, ఎవరు తిరుగుతారు' అనుకుంటారన్న నమ్మకంతోనే వాళ్ళు ఈ ధరలు పెడుతున్నారు.

మేం 1930లో, పోర్టల్‌లో రెండుచోట్లా ఫిర్యాదు ఇచ్చాం, నంబరు వచ్చింది. డబ్బు ఇంకా రాలేదు. ఆ పేజీ పాత పేరు పోయి కొత్త పేరుతో, అవే ఫొటోలతో మళ్ళీ కనిపించింది. ఎర్ర బిబ్‌ని చెక్క బల్ల మీద తిప్పుతూ తీసిన వీడియో ఎవరికైనా వస్తే, ఆ వీడియో, అడిగిన యూపీఐ ఐడీ స్క్రీన్‌షాట్, ఇద్దరి మధ్య జరిగిన మెసేజ్‌లు తీసి పెట్టుకుని మీ ఫిర్యాదులో జతచేయండి, నాకూ పంపండి. విజయనగరం, బొబ్బిలి, పలాస వైపు ఇంకెవరైనా మోసపోయి ఉంటే కమిషన్ ముందు అందరం కలిసి వెళ్దాం.