ఫాక్స్ 35తో తొమ్మిదేళ్లు: నీడిల్ చివర్లో ముట్టుకోండి

ముందే ఒక మాట. ఇది కొత్త ఇంజిన్ కొని రెండు వారాలు వాడి రాస్తున్న సమీక్ష కాదు. డాలస్‌కి వచ్చాక సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫాక్స్ 35 స్టంట్ అనే చిన్న మోడల్ ఇంజిన్, దాన్ని బిగించిన నోబ్లర్ అనే మోడల్ విమానం, ఈ రెండింటితో తొమ్మిదేళ్లు కుస్తీ పట్టాక రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్నప్పుడు కంట్రోల్ లైన్ హ్యాండిల్ మొదటిసారి పట్టుకున్నాను, రెండు రౌండ్లకే కళ్లు తిరిగి కూర్చుండిపోయాను. ఆ పిచ్చి ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ పట్టుకుంది.

తెలియనివాళ్ల కోసం: కంట్రోల్ లైన్ అంటే తీగలతో మోడల్ విమానం ఎగరేయడం, ఇందులో రేడియో ఉండదు. అరవై అడుగుల పొడవున్న రెండు సన్నటి స్టీలు తీగల చివర విమానం, ఇటు చివర మీరు. విమానం మీ చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది, మణికట్టు తిప్పితే ముక్కు పైకో కిందికో పోతుంది, లూపులు, ఎనిమిదులు, తలకిందుల ప్రయాణం అన్నీ ఆ మణికట్టుతోనే. ఈ విన్యాసాలనే స్టంట్ అంటాం. జార్జ్ ఆల్డ్రిచ్ గీసిన నోబ్లర్ డిజైన్ 1950ల మొదట్లోది. రెక్కల కొలత దాదాపు 50 అంగుళాలు, తోక మీది ఎలివేటర్‌తో పాటు కదిలే ఫ్లాపులు రెక్కల వెనక అంచున ఉంటాయి. డ్యూక్ ఫాక్స్ తయారుచేసిన 35 స్టంట్ దానికంటే కొంచెం పాతది. ఆ రోజుల్లో ఈ జోడీ లేని మైదానం ఉండేది కాదని ఇక్కడి పెద్దవాళ్లు చెప్తారు.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఇంజిన్‌కి థ్రాటిల్ లేదు. కార్బురేటర్ బదులు ఒక చిల్లు, అందులో అడ్డంగా ఇంధనం చిమ్మే ఒక స్ప్రే బార్, ఎంత చిమ్మాలో తిప్పి పెట్టే దాని నీడిల్. అంతే. స్పార్క్ కూడా లేదు. గ్లో ప్లగ్‌లో ప్లాటినం కలిసిన చిన్న తీగ చుట్ట ఉంటుంది, స్టార్ట్ చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ తగిలిస్తే ఎర్రబడుతుంది, బ్యాటరీ తీసేశాక ఆ ప్లాటినం మీద మిథనాల్ ఆవిరి చేసే రసాయన చర్య వల్లా, కంప్రెషన్ వేడి వల్లా అది ఎర్రగానే ఉండిపోతుంది. అంటే మంట ఎప్పుడు అంటుకోవాలో చెప్పే టైమింగ్ అనేది మన చేతిలో లేదు. కంప్రెషన్, ప్లగ్ వేడి, ఇంధనం, ప్రొపెల్లర్ బరువు, ఇవన్నీ కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. నేను మొదటి రెండేళ్లు ఇది అర్థం కాక అన్నిటికీ నీడిల్ ఒక్కదాన్నే తిప్పుతూ కూర్చున్నాను.

మీలో లూనా, పాత యెజ్డీ నడిపినవాళ్లకి టూ స్ట్రోక్ శబ్దం తెలుసు. బండి చల్లగా ఉండి చోక్ వేసి ఉన్నప్పుడు బడ... బడ... అని ఒక చుట్టు వదిలి ఒక చుట్టు మండుతూ నడుస్తుంది చూడండి, దాన్నే మేం ఫోర్ స్ట్రోకింగ్ అంటాం. మిగతా వాళ్లకి అది జబ్బు, స్టంట్ వాళ్లకి అదే ఆరోగ్యం. మట్టంగా ఎగిరేటప్పుడు ఇంజిన్ రిచ్‌గా, అంటే ఇంధనం కాస్త ఎక్కువై, ఇలా బడబడలాడుతూ ఉండాలి, ముక్కు పైకెత్తగానే బరువు పడి, లోపల వేడి పెరిగి, ప్రతి చుట్టూ మండటం మొదలుపెట్టి జుయ్యిమని లాగాలి, మళ్లీ మట్టానికి రాగానే తనంతట తాను బడబడలోకి దిగిపోవాలి. దీన్ని 4-2-4 అంటారు. ఎక్కడ బలం కావాలో ఇంజినే చూసుకుంటుంది, ఎక్కడ పరుగెత్తకూడదో అక్కడ తనే తగ్గుతుంది. బాగా కుదిరినరోజు మాత్రం ఈ పాత లోహపు ముద్దకి మెదడు ఉందేమో అనిపిస్తుంది.

కుదరని రోజుల గురించే ఎక్కువ చెప్పాలి.

మొదటిది ఇంధనం. ఫాక్స్‌లో క్రాంక్ షాఫ్ట్‌కి బాల్ బేరింగులు లేవు, బుష్‌లోనే తిరుగుతుంది, పిస్టన్ ఇనుముది, స్లీవ్ స్టీలుది, రింగు లేదు. ఇలాంటి ఇంజిన్‌కి నూనె చాలా కావాలి, అందులోనూ ఆముదం కావాలి. అవును, మన ఆముదమే. మాది నల్గొండ వైపు, చెలకల్లో ఆముదపు చెట్ల మధ్య పెరిగినవాణ్ణి, చిన్నప్పుడు మా నాయనమ్మ తలకి రుద్దిన ఆ వాసన టెక్సస్ మైదానంలో పొగలో వస్తుంటే మొదటిసారి నిజంగా నవ్వొచ్చింది. (ఇంట్లో తలకి రాసుకునేది తెచ్చి పోయకండి, జిగురు తీసి శుద్ధి చేసింది ఇంజిన్ల కోసం విడిగా అమ్ముతారు.) ఆముదం గొప్పతనం ఏమిటంటే వేడి పెరిగినకొద్దీ ఎగిరిపోకుండా చిక్కబడి లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఇంజిన్ పొరపాటున లీన్ అయి, అంటే ఇంధనం తక్కువై, మాడబోయినా అదే కాపాడుతుంది.

నేను మొదట చేసిన తప్పు, దగ్గర్లోని షాపులో రేడియో విమానాల కోసం పెట్టిన రెడీమేడ్ గాలన్ తెచ్చి పోయడం. అందులో మొత్తం నూనె 18 శాతం, చాలావరకు సింథటిక్. ఆ డబ్బాలో తప్పేమీ లేదు, కొత్త ఇంజిన్లకి అది బ్రహ్మాండం, నా ఇంజిన్‌కి కాదు. మూడో రోజుకి ఎగ్జాస్ట్ నుంచి వచ్చే నూనె బూడిద రంగుకి తిరిగింది. అంటే లోహం అరుగుతోందన్నమాట. ఒక పెద్దాయన వచ్చి వేలితో ఆ నూనె తుడిచి చూసి, ఏమీ మాట్లాడకుండా తన కారులోంచి ఆముదం సీసా తెచ్చి ఇచ్చారు. లెక్క చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది: 128 ఔన్సుల గాలన్‌లో 18 శాతం నూనె ఉంటే, దానికి 12 ఔన్సుల ఆముదం కలిపితే మొత్తం 25 శాతానికి వస్తుంది, 18 ఔన్సులు కలిపితే 28 అవుతుంది. నేను 28 దగ్గర ఆగాను, నైట్రో (నైట్రోమీథేన్) 5 శాతం. ఎండాకాలం, చలికాలం అదే. అవును, విమానం అంతా జిడ్డే, రెక్కలు తుడవడానికి ఎగరేసిన దానికంటే ఎక్కువ సమయం పడుతుంది.

రెండోది ట్యాంక్. దీని గురించి ఎంత రాసినా తక్కువే. విమానం గుండ్రంగా తిరుగుతుంటుంది కాబట్టి ఇంధనం బయటి వైపుకి నెట్టుకుపోతుంది, అందుకే ఇంజిన్‌కి ఇంధనం తీసుకెళ్లే పికప్ గొట్టం బయటి వెనక మూలలో ఉండాలి. మామూలు వెంట్ పెడితే ఇంధనం తగ్గేకొద్దీ ఒత్తిడి మారి ఇంజిన్ మెల్లగా లీన్ అవుతూ పోతుంది, మొదటి రౌండ్‌లో పెట్టిన సెట్టింగ్ చివరికి ఉండదు. యూనిఫ్లో వెంట్ అంటే గాలి లోపలికొచ్చే గొట్టం చివర కూడా పికప్ పక్కనే ఉంటుంది, బయటి చివర ఎదురుగాలికి తిరిగి ఉంటుంది, అప్పుడు ట్యాంక్ నిండుగా ఉన్నా సగమైనా ఇంజిన్‌కి అదే ఒత్తిడి. దీనికి మారిన రోజే సగం టెన్షన్ పోయింది. ఓవర్‌ఫ్లో గొట్టానికి మూత పెట్టడం మాత్రం మర్చిపోవద్దు, పెట్టకపోతే యూనిఫ్లో యూనిఫ్లోలా పనిచేయదు.

ఇక ట్యాంక్ ఎత్తు. స్టాప్‌వాచ్ పట్టుకుని మామూలుగా నాలుగు రౌండ్లు, తలకిందులుగా నాలుగు రౌండ్లు కొలవండి. రెండూ సమానంగా ఉండాలి. మామూలుగా ఉన్నప్పుడు వేగం ఎక్కువైతే అప్పుడు లీన్ అవుతోందని అర్థం, అంటే ట్యాంక్ కిందికి ఉంది, పైకి లేపాలి. తలకిందులుగా ఉన్నప్పుడు వేగం ఎక్కువైతే ట్యాంక్‌ని చక్రాల వైపు దించాలి. చదవడానికి ఎంత తేలికో! నేను మైదానంలో ఎండలో నిలబడి దీన్ని తిరగేసి అర్థం చేసుకుని, దించాల్సినదాన్ని మరో ఎనిమిదో వంతు అంగుళం లేపాను. తలకిందులుగా రెండో రౌండ్‌లో ఇంజిన్ పూర్తిగా లీన్ అయి టప్పున ఆగింది, తీగలు వదులయ్యాయి, విమానాన్ని తిప్పేలోపు గడ్డిలో పడింది. ప్రొపెల్లర్, కాక్‌పిట్ మూత, ఒక ఫ్లాపు పోయాయి. తప్పు పూర్తిగా నాదే. అప్పట్నుంచి ట్యాంక్ కింద పెట్టే పలకల మీద బాణం గుర్తు గీసి పెట్టుకున్నాను, మార్పు ఒకసారికి పదహారో వంతు అంగుళం మించదు.

గాలి లీకుల సంగతి కూడా ఇక్కడే. పైపులో సూది మొనంత చిల్లున్నా బుడగలు వచ్చి ఇంజిన్ పిచ్చి పట్టినట్టు నడుస్తుంది, మీరేమో నీడిల్ తిప్పుతూ ఉంటారు. నీడిల్ మర దగ్గర కూడా గాలి పీలుస్తుంది, దాని మీద చిన్న ఇంధనపు పైపు ముక్క తొడిగితే సరి. ఇంజిన్ కూర్చునే చెక్క దుంగలు నూనె తాగి మెత్తబడినా అంతే, బోల్టులు వదులై కంపనానికి ట్యాంక్‌లో ఇంధనం నురగ కడుతుంది. నేను ప్రతి ఆదివారం మొదటి ఫ్లైట్‌కి ముందు నాలుగు బోల్టులూ చూస్తాను.

కంప్రెషన్ దగ్గర నాకు ఆలస్యంగా జ్ఞానోదయం అయింది. నాది పైకి లేవగానే టూ స్ట్రోక్‌లోకి దూకి, మళ్లీ కిందికి రావడానికి మొండికేసేది, లూపు తర్వాత లూపుకి వేగం పెరుగుతూ పోయేది. నీడిల్ తెరిస్తే మట్టంగా ఉన్నప్పుడు చచ్చినట్టు తయారయ్యేది. మందు చాలా చిన్నది: హెడ్ కింద ఇంకో గాస్కెట్. కంప్రెషన్ కాస్త తగ్గింది, ఆ దూకుడు మెత్తబడింది. పది నిమిషాల పని, దానికి నేను ఒక సీజన్ మొత్తం పోగొట్టుకున్నాను. ప్లగ్ విషయంలో అడ్డ కడ్డీ ఉన్న రకం వాడుతున్నాను, రిచ్‌గా నడిచే ఇంజిన్‌లో పచ్చి ఇంధనం తీగ మీద పడి ఆరిపోకుండా అది కాస్త అడ్డుకుంటుంది.

ఫాక్స్ గురించి మాట్లాడి 'బర్ప్' గురించి చెప్పకపోతే పాతకాపులు ఊరుకోరు. కొన్ని మలుపుల్లో ఈ డిజైన్ ఇంజిన్ ఒక్క క్షణం దగ్గినట్టు తడబడి మళ్లీ అందుకుంటుంది. బైపాస్ (కింది నుంచి సిలిండర్‌లోకి ఇంధనం వెళ్లే దారి) మూలలో చేరిన ఇంధనం ఒక్కసారిగా లోపలికి పోవడం వల్ల అని చెప్తారు. అందుకే బైపాస్‌లో ఆ ఖాళీని ఎపాక్సీతోనో, ఐస్‌క్రీమ్ పుల్ల ముక్క అంటించో పూడ్చే అలవాటు దశాబ్దాలుగా ఉంది. నేనూ అదే చేశాను, పనిచేసింది. అతుకు వేసే ముందు లోపల నూనె అంతా పూర్తిగా కడగండి, లేకపోతే ఆ ముక్క ఊడి పిస్టన్ పక్కకి చేరితే కథ ముగిసినట్టే.

ప్రొపెల్లర్ చెక్కదే, 10-6 (పది అంగుళాల వ్యాసం, ఆరు అంగుళాల పిచ్). ప్లాస్టిక్‌వి ప్రయత్నించాను, బరువు ఎక్కువై ఇంజిన్ 4-2-4 మార్పు మొద్దుబారింది. చెక్కదాన్ని సమతూకం చేసి బిగించాలి, వార్నిష్ పూత ఒకటి ఎక్కువ వేస్తే చాలు తేలికైన వైపు సరిపోతుంది.

ఇవన్నీ కుదిరాక అప్పుడు నీడిల్. స్టార్ట్ చేసి, నిమిషం వేడెక్కనిచ్చి, బడబడలో స్థిరంగా పెట్టి, ఇంధనపు పైపుని వేళ్లతో క్షణం నొక్కి వదలండి. జుయ్యిమని టూ స్ట్రోక్‌లోకి వెళ్లి, వదలగానే బడబడలోకి వచ్చేస్తే వదలొచ్చు. నా టాకోమీటర్‌లో అది నిమిషానికి 8,600 చుట్ల దగ్గర చూపిస్తుంది, కానీ నేను అంకె కంటే చెవినే నమ్ముతాను. గాల్లో రౌండ్‌కి 5.3 సెకన్లు వస్తే నాకు హాయి, అంటే గంటకి దాదాపు 80 కిలోమీటర్లు. మొత్తం ప్యాటర్న్‌కి, అంటే వరుసగా చేసే విన్యాసాలన్నిటికీ, మూడున్నర ఔన్సుల ఇంధనం. డాలస్‌లో జులై మధ్యాహ్నం పలచటి వేడి గాలికి నీడిల్ కొద్దిగా మూయాలి, జనవరి పొద్దున తెరవాలి. ఒకసారి అరిజోనాలోని టూసాన్‌కి విమానం పట్టుకెళ్లాను. అక్కడ ఎత్తు 2,400 అడుగులు, ఇక్కడి సెట్టింగ్‌తో తీస్తే ఇంజిన్ నీళ్లు తాగినట్టు నడిచింది. రెండు క్లిక్కులు మూసేసరికి దారికొచ్చింది. రెండే క్లిక్కులు, మళ్లీ చెప్తున్నా. సగం చుట్టు తిప్పాల్సి వస్తుంటే తప్పు నీడిల్‌లో లేదు, వెనక్కి వెళ్లి ట్యాంక్ చూడండి.

కొనాలా? మొదటి ఇంజిన్‌గా అయితే వద్దంటాను. ఓఎస్ కంపెనీ వాళ్ల 40 ఎఫ్‌పీ ఇంజిన్ లాంటిది మూడు రోజుల్లో మాట వింటుంది, దీనికి అరిగి కుదురుకోవడానికే రెండు మూడు గంటల రిచ్ పరుగు కావాలి, అదీ రెండేసి నిమిషాలు నడిపి పూర్తిగా చల్లార్చి. కానీ 1952 చివరిలోపు వచ్చిన డిజైన్ల కోసం పెట్టే పాతకాలపు విమానాల పోటీలో ఆ కాలపు శబ్దమే కావాలనుకుంటే దీనికి సాటి లేదు. సెకండ్ హ్యాండ్‌లో చూసేటప్పుడు ప్రొపెల్లర్‌ని కంప్రెషన్ మీదికి తెచ్చి వదిలేయండి, అక్కడే కాసేపు నిలబడాలి, సుయ్‌మని జారిపోతే పిస్టన్ అరిగినట్టు. షాఫ్ట్‌ని పైకీ కిందికీ ఊపి ఆట ఎంతుందో చూడండి. అసలు తిరక్కుండా బిగుసుకుపోయి ఉంటే మాత్రం భయపడకండి, బేరం ఆడండి. అది చాలాసార్లు ఎండిపోయిన ఆముదమే. బలవంతంగా తిప్పకుండా హీట్ గన్‌తో వేడి చేస్తే కరిగి వదులుతుంది. బయటి నల్లటి పూత పోవాలంటే పాత స్లో కుక్కర్‌లో కారు కూలెంట్ పోసి రాత్రంతా ఉంచితే వెండిలా వస్తుంది. ఆ కూలెంట్ విషం, పిల్లలకీ కుక్కలకీ అందకుండా గ్యారేజీలో చేయండి, ఆ గిన్నె మళ్లీ వంటకి పనికిరాదు. మా ఇంట్లో పప్పు వండే గిన్నె అలాగే గ్యారేజీకి వలస వచ్చింది, మా ఆవిడ ఇప్పటికీ దాని ఖరీదు అడుగుతూనే ఉంది.