మోకాళ్ల నొప్పికి 'ఉచిత పరీక్ష' అంటే నమ్మి పోకండి

తిరుపతిలో అద్దె హాళ్లలో 'మోకాళ్ల నొప్పులకు ఉచిత శిబిరం' అంటూ పాంప్లెట్లు పంచుతున్నారు. అక్కడ మా అమ్మకు తొమ్మిది వేల రూపాయల సరుకు అంటగట్టారు. అయస్కాంతాల బెల్టు, క్యాప్సూల్స్, ఓ తైలం సీసా.

అలిపిరి దారిలో 3,550 మెట్లెక్కి వచ్చాక అమ్మకు కుడి మోకాలి లోపలి వైపు నొప్పి పట్టుకుంది. ఇంట్లో నాలుగు మెట్లెక్కినా నొప్పే, రాత్రి పక్కకు తిరిగి పడుకుంటే రెండు మోకాళ్లు తగిలినా నొప్పే. శిబిరంలో ఆమె చేతికి ఓ ఇనుప కడ్డీ ఇచ్చి గట్టిగా పట్టుకోమన్నారట. దాని వైరు ల్యాప్‌టాప్‌కు ఉంది. కాసేపటికి రంగురంగుల కాగితం వచ్చింది, 'గుజ్జు 62 శాతం అరిగింది' అని. "ఇప్పుడే చూసుకోకపోతే ఆపరేషనే పెద్దమ్మా" అని టెన్షన్ పెట్టారు. నొప్పి మోకాలికి, పరీక్ష పిడికిలికి! మోకాలి మీద చెయ్యి వేసి చూసినవాళ్లే లేరు. బిల్లడిగితే తెల్ల చీటీ రాసిచ్చారు.

తర్వాత చూపించిన ఎముకల డాక్టరు బొటనవేలితో నొక్కుతూ పోయారు. కీలు సందు దగ్గర అమ్మ ఏమీ అనలేదు. అక్కడికి రెండు మూడు అంగుళాల కింద, కాలి ఎముక లోపలి వైపు నొక్కగానే "అబ్బా" అని కాలు లాక్కుంది. తొడ నుంచి దిగే మూడు టెండన్ల (కండరాన్ని ఎముకకు కలిపే నరాల్లాంటి తాళ్లు) కింద బర్సా అనే చిన్న సంచి ఉంటుందట, అది వాచింది. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఎముకల మధ్య సందు బాగానే ఉంది, అంటే గుజ్జు అంతగా అరగలేదు. ఐసు, కొన్నాళ్లు మెట్లు మానడం, తొడ వెనక కండరాలు సాగదీసే వ్యాయామం, అంతే.

అందరికీ ఇదే కారణమని కాదు. మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగితే నొప్పి కీలు సందు దగ్గరే ఉంటుంది, కాలు మెలిపడినప్పుడు కలుక్కుమంటుంది, ఒక్కోసారి మోకాలు మధ్యలో పట్టేస్తుంది. బయటి వైపు నుంచి దెబ్బ తగిలితే లోపలి లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ) సాగొచ్చు. నిజంగానే అరుగుదల ఉండొచ్చు. మెనిస్కస్, లిగమెంట్ ఎక్స్‌రేలో కనబడవు. అలాగని నేరుగా ఎమ్మారైకి పరిగెత్తినా లాభం లేదు, యాభై దాటాక నొప్పి లేనివాళ్లలోనూ చిరుగులు కనిపిస్తాయి. ముందు చేత్తో పట్టి చూసే డాక్టరు కావాలి. ఎముకల కోసమే టీటీడీ వాళ్ల బర్డ్ ఆసుపత్రి ఊళ్లోనే ఉంది. మోకాలు ఎర్రగా వాచి జ్వరం వస్తే, కాలు మోపలేకపోతే మాత్రం ఆ రోజే చూపించాలి.

ఇప్పటికే కొన్నవాళ్లు పాంప్లెట్, చీటీ పారేయకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. మేం చేశాం, ఇంకా తేలలేదు.