మిర్చి యార్డు పక్కన ఉద్యోగం, కండ్లలో నెలవారీ లెన్సులు: కొన్నేళ్లు వాడాక

నేను పనిచేసేది వరంగల్‌లో, ఏనుమాముల మార్కెట్‌కు దగ్గర్లో ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో. పవర్ మైనస్ అయిదు పైనే. చాంబర్‌లోకి పోయి బస్తాల లెక్క చూసుకుని బయటి ఎండలోకి వచ్చానంటే అద్దాల మీద ఆవిరి కమ్మేసేది. బస్తా మోసుకుంటూ ఎదురొచ్చే హమాలీ కూడా కనపడేవాడు కాదు. ఆ బాధ పడలేకే కాంటాక్ట్ లెన్సులకు మారాను. అప్పటి నుంచి నెలవారీ, అంటే నెల వాడి పారేసే, సిలికాన్ హైడ్రోజెల్ (ఆక్సిజన్ బాగా ఆడనిచ్చే మెత్తటి రకం) లెన్సులే. మధ్యలో కంపెనీలు మార్చి చూశాను కూడా.

లెన్సు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చూపు శుభ్రంగా ఉంటుంది, హెల్మెట్‌తో ఇబ్బంది లేదు, వానలో బండి నడపొచ్చు. సాయంత్రానికి ఏసీలో కాస్త పొడిబారతాయి, చుక్కల మందు వేసుకుంటే సరిపోతుంది. కంపెనీకీ కంపెనీకీ నాకు తెలిసిన తేడా గోరంత. లెన్సుకు మంచి మార్కులే వేస్తాను. లెన్సులు దాచే డబ్బాకూ, వాటిని కడిగి నానబెట్టే సొల్యూషన్ వాడే పద్ధతికీ, మన చేతులకే వేయలేను.

ముందు చేతుల సంగతి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ రోడ్డు మీద గాలే ఘాటుగా ఉంటుంది. తేజ రకం మిర్చి శాంపిల్ ఒకసారి చేత్తో నలిపి చూస్తే, మిర్చిలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుందే కానీ నీళ్లలో కరగదు కాబట్టి, ఉత్త నీళ్లతో ఎంత కడిగినా పోదు. ఇంటికి రాగానే గిన్నెలు తోమే సబ్బుతో ఒకసారి, మామూలు సబ్బుతో ఇంకోసారి, గోళ్ల సందులతో సహా కడుగుతాను. సువాసన క్రీములు కలిపిన సబ్బు వద్దు, వేళ్ల మీద మిగిలిన జిడ్డు లెన్సుకు అంటి రోజంతా మసక. తుడుచుకోవడానికి టర్కీ టవల్ కూడా వద్దు. దాని నూలు పోగు ఒక్కటి లెన్సు కిందికి చేరితే ఇక ఆఫీసులో పని సాగదు. పాత కాటన్ దస్తీ ఉత్తమం. కారం తగిలిన లెన్సును మాత్రం కడిగి మళ్లీ పెట్టుకోవాలని చూడకండి. నెల ఇంకా సగమే అయినా పారేయడమే.

ఇప్పుడు సొల్యూషన్. మా ఆఫీసులో లెన్సులు పెట్టుకునే ఒకామె "అక్కా, నాకు చిన్న బాటిలే రెండు నెలలొస్తది" అంది గొప్పగా. లెక్క వేయండి. రోజూ డబ్బాలో పాతది పారబోసి రెండు గిన్నెలూ కొత్తగా నింపి, లెన్సు రుద్ది కడగడానికి వాడేదీ కలిపితే పది ఎం.ఎల్. సుమారుగా అవుతుంది. అంటే 120 ఎం.ఎల్. బాటిల్ పన్నెండు రోజులకు మించి రాకూడదు. రెండు నెలలు వచ్చిందంటే నిన్నటి మురికి సొల్యూషన్ మీదే ఇవాళ నాలుగు చుక్కలు పోస్తున్నట్టు. పాతదాంట్లో క్రిములను చంపే మందు అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది, పైన పోసిన కొత్తది కూడా పలచబడిపోతుంది. ఆదా చేయడానికి ఇంట్లో ఇంకా చాలా ఉన్నాయి, ఇది కాదు.

"రుద్దక్కర్లేదు" అని కొన్ని బాటిళ్ల మీద రాసేవారు. నేనైతే నమ్మను. అరచేతిలో పెట్టి చూపుడు వేలితో మెల్లగా రుద్దితే, లెన్సు మీద పట్టిన జారుడు పొర ఎలా వదులుతుందో వేలికే తెలుస్తుంది. ఉత్తగా నానబెడితే అది పోదు. 2006లో బాష్ అండ్ లాంబ్ కంపెనీ వాళ్లు రెన్యూ విత్ మాయిశ్చర్‌లాక్ అనే సొల్యూషన్‌ను ప్రపంచమంతటా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. అది వాడినవాళ్లలో ఫ్యూజేరియం అనే బూజు వల్ల కార్నియాకు, అంటే కంటి ముందుండే పారదర్శక పొరకు, ఇన్ఫెక్షన్లు వచ్చాయి. మన వైపు వరి కోతలప్పుడు ఆకు కంట్లో గీసుకుపోయి రైతులకు పుండు పడుతుంది చూడండి, అందులోనూ తరచు కనపడేది ఈ జాతి బూజే. అక్కడ పొలం నుంచి వస్తే ఇక్కడ బాత్రూమ్ అరలోంచి వస్తుంది.

రెండేళ్ల కింద నేను పెరాక్సైడ్ సొల్యూషన్‌కు మారాను. మామూలు సొల్యూషన్ సాయంత్రానికి దురద పెట్టేది. ఇందులో 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది, నిలువు డబ్బాలో అడుగున ప్లాటినం పూసిన చిన్న బిళ్ల ఉంటుంది. లెన్సులు వేసి మూత పెడితే బుడగలు వస్తాయి, ఆరు గంటల్లో అది నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. ఆ ఆరు గంటలూ ఆగకుండా కంట్లో పెట్టుకుంటే నరకం. దాని డబ్బాలోనే వాడాలి, మామూలు డబ్బాలో పోస్తే పెరాక్సైడ్ అలాగే ఉండిపోతుంది. రాత్రి ఆలస్యంగా పడుకుని పొద్దున్నే డ్యూటీకి పరుగెత్తేవాళ్లకు కుదరదు. హన్మకొండలో అన్ని షాపుల్లో ఉండదు కూడా, చెప్పి తెప్పించుకోవాలి. నాకు దురద పోయింది, అందుకే ఖర్చు ఎక్కువైనా వదల్లేదు.

డబ్బా విషయంలో మాత్రం ఎవరూ మాట వినరు. మూడు నెలలకోసారి మార్చమని డాక్టర్లు చెబుతారు. మా బంధువుల పిల్ల డబ్బా ఒకటి మొన్న చూశాను, మూత లోపలి మర దగ్గర లేత గోధుమ రంగు జిగురు గీత. వేలితో గీకితే వచ్చింది. "కడుగుతూనే ఉన్నా పిన్నీ" అంది. దేనితో అంటే కుళాయి నీళ్లతో. అసలు తంటా అక్కడే ఉంది. అకాంతమీబా అనే సూక్ష్మజీవి కుళాయి నీళ్లలో, బోరు నీళ్లలో, చెరువుల్లో ఉంటుంది. గట్టి గుల్ల కట్టుకుని క్లోరిన్‌కూ లొంగదు. మిషన్ భగీరథ నీళ్లు తాగడానికి మంచివే కావచ్చు, ఫిల్టర్ క్యాన్ నీళ్లూ మంచివే కావచ్చు, లెన్సుకు ఏవీ పనికిరావు. ఉప్పు నీళ్లు ఇంట్లో కలుపుకోవడం అసలే వద్దు. 1980లలో అమెరికాలో అలా కలుపుకున్నవాళ్లకే ఈ ఇన్ఫెక్షన్ బాగా వచ్చింది. బాటిల్‌లోని కొత్త సొల్యూషన్‌తోనే డబ్బా కడిగి, మూతలు తీసి, టిష్యూ మీద బోర్లించి ఆరబెట్టాలి, బాత్రూమ్‌లో కాకుండా.

ఇదే లెక్కన మేడారంలో జంపన్న వాగు స్నానానికి, బొగత జలపాతం కింద తడవడానికి లెన్సులతో దిగకూడదు. బొగత దగ్గర కుర్రాళ్లు మునిగి లేచి కండ్లు నులుముకుంటూ "లెన్స్ పోయిందిరా" అంటుంటే, పోయినవాడే అదృష్టవంతుడు అనిపిస్తుంది నాకు. కింద పడ్డ లెన్సును నోట్లో పెట్టి తడిపి మళ్లీ కంట్లో పెట్టుకున్న మనిషిని కాజీపేట స్టేషన్‌లో చూశాను. మనిషి నోట్లో ఎన్ని క్రిములుంటాయో ఎవరైనా డెంటిస్టును అడగాలి.

నిద్ర సంగతి అందరికీ తెలుసు, అయినా రాత్రి బస్సుల్లో అలాగే పడుకుంటారు. కార్నియాలో రక్తనాళాలు ఉండవు, ఆక్సిజన్ నేరుగా గాలి నుంచే తీసుకుంటుంది. రెప్ప మూసి దాని కింద లెన్సు కూడా ఉంటే ఊపిరాడదు. ఇన్ఫెక్షన్ ప్రమాదం ఆరు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుందని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. అదే సంస్థ 2015లో వెలువరించిన సర్వేలో లెన్సులు వాడేవాళ్లలో దాదాపు 99 శాతం మంది ఏదో ఒక చెడ్డ అలవాటు ఉందని ఒప్పుకున్నారు. అక్కడే అలా ఉంటే మన దగ్గర చెప్పేదేముంది. నాకు మొదట లెన్సులు అమ్మిన షాపులో, పవర్ చూసి పెట్టె చేతిలో పెట్టి పంపించారు. ఎలా కడగాలో ఒక్క ముక్క చెప్పలేదు. బాటిల్‌తో వచ్చిన కాగితం చదివి నేర్చుకున్నదే ఇదంతా.

పెళ్లిళ్ల సీజన్‌లో ఇంకో తమాషా. బ్యూటీ పార్లర్‌లో రంగు లెన్సులు ఒకే జత, పెళ్లికూతురు పెట్టుకుని తీస్తే తోటికోడలు పెట్టుకుంటుంది. పవర్ లేకపోయినా అది కంట్లో పెట్టుకునే వస్తువే, ఒకరిది ఒకరికి పనికిరాదు. అలంకరణ క్రమం కూడా చెబుతాను, లెన్సు ముందు, కాటుక తర్వాత. తీసేటప్పుడు లెన్సు ముందు తీసి ఆ తర్వాతే మొహం కడగాలి.

కొనాలా అంటే, రోజూ వాడేవాళ్లు పైన చెప్పిన చాకిరీ చేయగలిగితే నెలవారీవి కొనండి. పండగలకూ పెళ్లిళ్లకూ మాత్రమే అయితే డైలీలు, అంటే ఒక్కరోజు వాడి పారేసేవి, తీసుకోండి, డబ్బా, సొల్యూషన్ గొడవే ఉండదు. కండ్లద్దాలు మాత్రం సరైన పవర్‌తో ఒక జత ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి. కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోయి, నొప్పి మొదలైతే లెన్సు తీసేసి అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి పోవడమే. ఆ లెన్సునూ డబ్బానూ పారేయకుండా వెంట తీసుకెళ్లండి, వాటిని ల్యాబ్‌కు పంపితే ఏ క్రిమో తెలుస్తుంది.